ఎదుటివాడి మాట ముందు రాయాలి

పదో తరగతి పిల్లల చేత ఒక వ్యాసం రాయించి చూడండి. ముందు "ఉపోద్ఘాతం" అని రాసి కింద స్కేలుతో గీత కొడతారు. తర్వాత విషయ వివరణ, లాభాలు, నష్టాలు, ముగింపు. విషయం సెల్‌ఫోన్ అయినా, నీటి పొదుపు అయినా శీర్షికలు మారవు. ముగింపు "కావున మనమందరం" అనే మొదలవుతుంది. గైడులో అలా ఉంది, అలా రాస్తే మార్కులు పడతాయి, పిల్లలు అలాగే రాస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ వ్యాసం చదివితే రాసిన పిల్లది గురజాలో, వినుకొండో, అసలు ఈ పల్నాడు జిల్లానో కాదో కూడా తెలియదు.

అదే పిల్లవాడు సాయంత్రం అరుగు మీద కూర్చుంటే సాగర్ కుడి కాలువ నీళ్లు చివరి భూములకు ఎందుకు అందట్లేదో పెద్దవాళ్లతో సమానంగా వాదిస్తాడు. మిర్చి ఇప్పుడే యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నదాని మీద వాళ్ల బాబాయితో పోట్లాడతాడు. పోయినేడు పక్కింటాయన టిక్కీలు ఏ నెలలో అమ్మాడో, ఎంతకు అమ్మాడో గుర్తుచేస్తాడు. "నువ్వనేది సరే గానీ" అని మొదలుపెట్టి తన మాట నిలబెట్టుకుంటాడు. పరిశోధనకూ వాదనకూ కావలసిన సరుకంతా అందులోనే ఉంది. పెన్ను పట్టేసరికి అది మాయమైపోతోంది. కాబట్టి మనం కొత్తగా నేర్పవలసింది తక్కువే. నోట్లో ఉన్నదాన్ని ఆధారంతో సహా కాగితం మీదికి తెప్పించాలి.

తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పేవాళ్ల కోసం, ఇంట్లో వాళ్లను చదివించుకునే అమ్మానాన్నల కోసం ఈ అధ్యాయం. ఇప్పుడే ఎందుకంటే, ఇంటర్ రెండేళ్లూ ఈఏపీసెట్ బిట్లతోనే గడిచిపోతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడమే తప్ప నాలుగు వాక్యాలు సొంతంగా రాసే పని పడదు. ఆ తర్వాత ఆ పని ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో 40 నిమిషాల్లో 250 పదాలకు తగ్గకుండా ఒక వాదన రాయమంటారు. జీఆర్ఈలో దానికి ఇచ్చేది 30 నిమిషాలే. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసానికి ఒక పేపరే ఉంది. విదేశీ విశ్వవిద్యాలయానికి పంపాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను ఎంతోమంది కన్సల్టెన్సీకి డబ్బు కట్టి రాయించుకుంటున్నారు. తాను ఫలానా చదువు ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే రెండు పేజీలను ఇరవై రెండేళ్ల మనిషి ఇంకొకరి చేత రాయించుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

దీనికి కొత్త పీరియడ్ ఎవరినీ అడగక్కర్లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది. ఇప్పుడది నెట్‌లో బొమ్మలు ప్రింటు తీసి చార్టు మీద అతికించడంతో అయిపోతోంది. ఆ చోటునే వాడుకోండి.

ప్రశ్న కుదరాలి

మొదటి వారమంతా ప్రశ్న మీదే పెట్టండి. పిల్లలు మొదట తెచ్చేవి "రైతుల కష్టాలు", "వాతావరణ మార్పు" లాంటివి. అవి విషయాలే గానీ ప్రశ్నలు కావు. విషయం ప్రశ్నగా మారిందో లేదో తేల్చుకోవడానికి మూడు సంగతులు అడగండి. జవాబు తెలిసిన మనుషులు మన ఊళ్లోనో, సైకిలు మీద వెళ్లేంత దూరంలోనో ఉన్నారా? బుద్ధిమంతులైన ఇద్దరు దీనికి రెండు రకాల జవాబులు చెప్పే వీలుందా? జవాబు నీకు ముందే తెలుసా? మూడోదానికి "తెలుసు సార్" అన్నాడంటే ఆ ప్రశ్న పక్కన పెట్టించండి. జవాబు ముందే తెలిసినవాడు తనకు కావలసింది మాత్రమే ఏరుకొస్తాడు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిర్చి పూతలో చేరి ఈ ప్రాంతపు తోటల్ని దెబ్బతీసింది. కొందరు తోట పీకేసి వేరే పంట వేశారు. కొందరు మందులు కొడుతూ చివరిదాకా ఉంచుకున్నారు. "నల్ల తామర పురుగు వల్ల నష్టాలు" అని రాస్తే అది మళ్లీ గైడు వ్యాసమే. "ఆ ఏడాది మా ఊళ్లో తోట పీకినవాళ్లెవరు, ఉంచుకున్నవాళ్లెవరు, ఎందుకు?" అంటే ప్రశ్న. ఇది గూగుల్‌లో దొరకదు. పొలం గట్టు మీద, కల్లం దగ్గర, పురుగుమందుల షాపు ముందు బల్ల మీద దొరుకుతుంది.

ఈ ప్రశ్న పట్టుకున్న అమ్మాయి చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. ప్రతి పేజీకి నిలువుగా ఒక గీత. ఎడమవైపు చెప్పినవాళ్ల మాట, వీలైనంత వరకు వాళ్ల నోటి మాటలోనే. కుడివైపు ఆ మాటకు ఆధారం: ఆయన కళ్లతో చూశాడా, ఎవరైనా చెబితే విన్నాడా, కాగితం చూపించాడా, అంచనా వేశాడా. ఈ కుడివైపు గడే మొత్తం పరిశోధనకు ప్రాణం. "ఎకరాకు రెండు లక్షలు పోయింది" అని ఒకాయన అంటే దాన్ని రాసుకుని ఊరుకోకూడదు. విత్తనానికెంత, మందులకెంత, కూలికెంత, కౌలుకెంత అని విడివిడిగా అడగాలి. షాపు బిల్లులు దాచినవాళ్లు ఉంటారు, చూపించమని మర్యాదగా అడిగితే చాలావరకు చూపిస్తారు. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు ఉంటుంది, ఊళ్లో ఎన్ని ఎకరాల్లో ఏ పంట అన్నది అక్కడ తెలుస్తుంది. అడిగినా ఇవ్వని లెక్క ఉంటే సమాచార హక్కు చట్టం కింద ఇంట్లో పెద్దవాళ్ల పేరుతో దరఖాస్తు పెట్టించండి. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి ఆ పని మొదటి వారంలోనే చేయించాలి.

వెళ్లేముందు పిల్లలకు మర్యాద నేర్పండి. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. అప్పుల సంగతి వాళ్లంతట వాళ్లు చెబితే తప్ప తవ్వకూడదు. వ్యాసంలో ఎవరి పేరూ రాయకూడదు. "బోరు కింద మూడెకరాలు కౌలుకు చేసే రైతు" అంటే చాలు.

ఆధారం నుంచి మాట దాకా

ఆ అమ్మాయి తిరిగొచ్చి మొదటిసారి ఇలా రాసిందనుకుందాం:

"రైతు దేశానికి వెన్నెముక. మా గ్రామంలో మిర్చి రైతులు నల్ల తామర పురుగు వల్ల తీవ్రంగా నష్టపోయారు. ముఖ్యంగా కౌలు రైతులు ఎన్నో కష్టాలు పడ్డారు. కావున ప్రభుత్వం వారిని ఆదుకోవాలి."

నోటుబుక్కు నిండా సరుకుంది, వ్యాసంలోకి ఒక్కటీ రాలేదు. కోప్పడకండి. నోటుబుక్కు మూసి, "ఏం తెలుసుకున్నావో నాకు నోటితో చెప్పమ్మా" అనండి. ఆమె చెబుతుంటే మీరు రాసుకోండి. అప్పుడు వచ్చేది ఇలా ఉంటుంది:

"ఆ ఏడాది మిర్చి వేసిన పన్నెండు మందిని అడిగాను. సొంత పొలం ఉన్నవాళ్లు ఏడుగురు, కౌలుకు చేసినవాళ్లు అయిదుగురు. సొంతవాళ్లలో అయిదుగురు తోట పీకి వేరే పంట వేశారు. కౌలువాళ్లలో ఒక్కరే పీకారు. కౌలు ముందే కట్టేశాం, మళ్లీ పెట్టుబడికి డబ్బు లేదు, ఉన్న తోటలో నాలుగు కాయలైనా వస్తాయేమోనని చూశాం అన్నారు మిగతావాళ్లు. కాబట్టి కౌలు ముందే కట్టడం వల్ల వాళ్లు నష్టం వచ్చే పంటను వదులుకోలేకపోయారని అనుకుంటున్నాను. కానీ సొంత పొలం ఉన్న ఒకాయన, కారణం అది కాదు, నీళ్లు అన్నాడు. తనది కాలువ కింద పొలం కాబట్టి రెండో పంట పెట్టగలిగాడట. కౌలువాళ్లవి ఎక్కువగా బోరు కింద పొలాలట. ఆయన మాట చూద్దామని మళ్లీ అడిగాను. కౌలువాళ్లలో ఇద్దరివి కాలువ కింద పొలాలే. వాళ్లిద్దరూ పీకలేదు. కాబట్టి నీళ్లు ఒక్కటే కారణం కాదు. అయితే ఇద్దరిని చూసి గట్టిగా చెప్పలేను."

ఈ పేరాలో అంకెలు నేను ఉదాహరణ కోసం వేసినవి. దాని నడక మాత్రం గమనించండి. ఆధారం ఉంది, దాని మీద నిలబెట్టిన మాట ఉంది, ఆ మాటను కొట్టేయగల ఇంకో కారణం ఉంది, ఆ కారణాన్ని వెళ్లి చూసి వచ్చిన సంగతి ఉంది, ఎంతవరకు నమ్మవచ్చో ఒప్పుకున్న వాక్యం ఉంది. "ఇద్దరిని చూసి గట్టిగా చెప్పలేను" అన్న వాక్యానికి నేనైతే అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. మన పరీక్షలు ఆ వాక్యాన్ని బలహీనత అనుకుంటాయి. పరిశోధన చేసేవాళ్లకు అదే బలం.

స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో అచ్చయిన "ది యూజెస్ ఆఫ్ ఆర్గ్యుమెంట్" పుస్తకంలో వాదనను ఇలాగే విడదీసి చూపించాడు. మాట, దానికి ఆధారం అనే రెండూ చాలవు, ఈ ఆధారం ఉంటే ఆ మాట ఎందుకు ఒప్పుకోవాలో చెప్పే మూడోది కూడా కావాలి అన్నాడు. ఆ అమ్మాయి పేరాలో అది "ముందే కట్టిన డబ్బు మనిషిని వదులుకోనివ్వదు" అన్న నమ్మకం. పిల్లలు దీన్ని బయటికి రాయరు, అందరికీ తెలిసిందే అనుకుంటారు. "అయితే ఏంటి?" అని అడుగుతూ దాన్ని బయటికి లాగాలి. రెండుసార్లు అడిగితే చాలు, మూడోసారికి పిల్లలు తమను తామే ప్రశ్నించుకుంటారు.

రెండు కాగితాలు రెండు మాటలు చెబితే

ఊళ్లో మనుషుల్ని అడగడం వచ్చాక పాత కాగితాల దగ్గరికి తీసుకెళ్లండి. పల్నాడుకు ఇందులో కొరత లేదు. దుర్గి దగ్గర మించాలపాడు కన్నెగంటి హనుమంతు పేరు ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టే పుల్లరిని ఎదిరించి 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చాడు. ఏటా దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. పిల్లల చేత ఆయన మీద ఒక్క ప్రశ్న కూడా వేయించం.

ఒక ప్రశ్న నేను చెబుతాను. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో సహాయ నిరాకరణను ఆపేయాలని కాంగ్రెస్ తీర్మానించింది. మించాలపాడు కాల్పులు ఆ తర్వాత జరిగాయి. దేశమంతా ఆగిన ఉద్యమం పల్నాడులో ఎందుకు ఆగలేదు? గాంధీ మాట ఇక్కడిదాకా రాలేదా, వచ్చినా పుల్లరి తగాదా గాంధీ మాటతో ఆగేది కాదా, ప్రభుత్వమే ఆగనివ్వలేదా? మూడింటికీ వాదించవచ్చు. ఇంటర్ చదివే పిల్లవాడు ఈ ప్రశ్న మీద రెండు నెలలు కూర్చుంటే చరిత్ర అంటే ఏమిటో అతనికి అర్థమవుతుంది.

అతనికి వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. కాల్పుల తేదీ ఒక చోట 22 అని, మరో చోట 26 అని కనిపిస్తుంది. పిల్లలు వచ్చి "ఏది రైట్ సార్?" అంటారు. చెప్పేయకండి. "ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి రాశారో కనుక్కో" అనండి. హనుమంతు చనిపోయిన కొద్దిరోజులకే రాసిన పత్రిక, పోలీసు అధికారి పైవాళ్లకు పంపిన నివేదిక, యాభై ఏళ్ల తర్వాత ఊరివాళ్లు చెప్పుకున్న మాట, నిన్న వాట్సాప్‌లో వచ్చిన పోస్టు, ఈ నాలుగూ ఒకే బరువు తూగవు. పోలీసు నివేదిక సంఘటనకు దగ్గరిదే, కానీ కాల్చినవాళ్లు రాసినది. ఊరి మాట దూరపుదే, కానీ కాల్పులకు గురైనవాళ్లది. ఈ తేడా పట్టుకోగలిగిన పిల్లవాణ్ని ఆ తర్వాత ఏ యూట్యూబ్ వీడియో అంత తేలిగ్గా మోసం చేయలేదు. మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో వచ్చిన ఆంధ్ర స్వాతంత్ర్య పోరాట సంపుటాల్లో ఆనాటి ప్రభుత్వ కాగితాలు కూడా అచ్చయ్యాయి. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరున్న గ్రంథాలయం, నరసరావుపేట నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లండి. వందేళ్ల కిందటి పత్రికను చేత్తో తిప్పాక ఆధారం అనే మాట వాళ్లకు వేరేగా వినిపిస్తుంది.

అవతలి పక్షం

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని. వాదన రాయమంటే పిల్లలు తమ పక్షం రాసి, చివర్లో "కొందరు దీన్ని వ్యతిరేకిస్తారు, కానీ అది తప్పు" అని ఒక వాక్యం పడేస్తారు. పెద్దవాళ్లం మనం మాత్రం అంతకంటే బాగా చేస్తున్నామా? పల్నాడు ఊళ్లలో పార్టీలు ఇంటి పేరులా పుట్టుకతో వస్తాయి. అవతలి పార్టీవాడు ఏమంటున్నాడో వినకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే ఈ పాఠం ఇంకెక్కడి పిల్లల కంటే మన పిల్లలకు ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి గురువు కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన కృష్ణ ఒడ్డుకే ఆచార్య నాగార్జునుడి పేరును సంప్రదాయం ముడిపెట్టింది. ఇది శాసనం చెప్పింది కాదు, సంప్రదాయం చెప్పింది. పిల్లలకు ఆ తేడా కూడా చెప్పండి. ఆయన రాసిన విగ్రహవ్యావర్తని చిన్న గ్రంథం, 70 కారికలు. మొదటి 20 కారికల్లో ఆయన తన మాట చెప్పడు. తన మీద వేసిన ఆక్షేపణల్నే ఒక్కొక్కటిగా, పదును తగ్గించకుండా పెడతాడు. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా, అలాంటి మాట దేన్ని కాదనగలదు అన్నది వాటిలో మొదటిది. చదువుతుంటే ఈయన ఓడిపోయాడే అనిపిస్తుంది. 21 నుంచి జవాబు మొదలవుతుంది. ఈ గ్రంథం సంస్కృత ప్రతిని రాహుల్ సాంకృత్యాయన్ 1936లో టిబెట్‌లోని ఒక మఠంలో కనుక్కున్నాడు. పదో తరగతికి ఆ తత్వం అక్కర్లేదు. ఆ వరస చాలు: ముందు అవతలివాడి మాట, దాని నిండు బలంతో.

అభ్యాసానికి పల్నాటి యుద్ధం కంటే మంచిది దొరకదు. "యుద్ధానికి కారణం నాయకురాలు నాగమ్మేనా?" అని అడగండి. తరగతిలో చాలామంది అవునంటారు, కథ అలాగే విన్నారు కాబట్టి. అవునన్నవాళ్ల చేతే నాగమ్మ పక్షం రాయించండి. నలగామరాజు కొలువులో ఆమె మంత్రి. రాజ్యం గురజాల, మాచర్ల అని చీలిపోయాక గురజాల మేలు చూడటం ఆమె ఉద్యోగ ధర్మం కాదా? కోడిపందేనికి మాచర్ల పక్షం ఒప్పుకునే కదా దిగింది? మాచర్ల నుంచి రాయబారిగా వచ్చిన అలరాజును చంపించిన పాపాన్ని ఆమె మీద వేసే కథను పాడినవాళ్లెవరు, ఎవరి గుడి ముందు పాడారు? అటు నాగమ్మను సమర్థించే పిల్లలకు బ్రహ్మనాయుడి పక్షం ఇవ్వండి. చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాడు, కన్నమదాసుకు సేనానాయకత్వం ఇచ్చినవాడు యుద్ధాన్ని ఎందుకు ఆపలేకపోయాడో వాళ్లు రాయాలి.

ఇక్కడ ఆధారాల వయసు కూడా చెప్పించండి. యుద్ధం జరిగింది 12వ శతాబ్దంలో అంటారు. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం 15వ శతాబ్దపుది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. జీన్ రాఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించాడు. కారంపూడిలో కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలప్పుడు ఆ కథ ఇప్పటికీ వినిపిస్తుంది. పక్క మండలంలో వినగలిగే కథ మీద ఆక్స్‌ఫర్డ్ పుస్తకం ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడండి.

రాసిన తర్వాత ఒక నియమం పెట్టండి. నాగమ్మ పక్షం రాసిన కాగితాన్ని నిజంగా నాగమ్మను సమర్థించే పిల్ల చదవాలి. "అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే" అని ఆమె కింద సంతకం పెట్టేదాకా రాసినవాడు తన సొంత పక్షం మొదలుపెట్టకూడదు. మొదటిసారి సంతకం దొరకదు. వెటకారం ఉందనో, బలమైన పాయింటు వదిలేశాడనో వెనక్కి ఇస్తుంది. ఆ వెనక్కి రావడమే పాఠం. ఒక జాగ్రత్త: మొదటి ఏడాది ఇప్పటి పార్టీల తగాదాలు తీసుకోవద్దు. పిల్లవాడి ఇంట్లో నాన్న ఆ తగాదాలో ఉంటాడు, అవతలి వీధి మనిషి ఇతని దగ్గర నోరు విప్పడు. నాగమ్మ మీద, మిర్చి మీద చేయి తిరిగాక కాలువ నీళ్ల మీదికి, ఆ తర్వాతే మిగతావాటి మీదికి రండి.

భాష సంగతి. మొదటి రాత తెలుగులోనే రాయనివ్వండి, అదీ ఇంట్లో మాట్లాడే తెలుగులో. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి, పిల్లలు రెంటి మధ్యా తిరగడానికి అలవాటు పడ్డారు. ఆలోచన నిలబడ్డాక ఇంగ్లీషులో రాయిస్తే వాక్యం తప్పులే దిద్దుకోవాలి. ఆలోచన లేకుండా ఇంగ్లీషులో మొదలుపెడితే రెండూ పోతాయి.

ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగి రాసుకొస్తారన్న భయం అందరికీ ఉంది. నాకు అంత భయం లేదు. మీ ఊళ్లో బోరు కింద మూడెకరాలు చేసే కౌలు రైతు ఏమన్నాడో దానికి తెలియదు. వ్యాసంతో పాటు గీత కొట్టిన ఆ నోటుబుక్కును కూడా మార్కులకు తీసుకోండి. పది మార్కులుంటే అందులో నాలుగు నోటుబుక్కుకు, మూడు అవతలి పక్షానికి, మిగిలినవి వాక్యాలకు, చేతిరాతకు. ఎలా వేస్తారో మొదటి రోజే పిల్లలకు చెప్పండి.

వ్యాసం పూర్తయ్యాక ఇంకొక్క పని మిగులుతుంది, దీన్ని మానేయవద్దు. ఎవరెవరు సమాచారం ఇచ్చారో వాళ్ల దగ్గరికి వెళ్లి పిల్లలు వ్యాసం చదివి వినిపించాలి. చదువురానివాళ్లకు కూడా, వాళ్లకు ముఖ్యంగా. ఎవరో ఒకరు "నేను పీకింది డిసెంబరులో కాదమ్మా, సంక్రాంతి అయ్యాక" అంటారు. ఆ దిద్దుబాటును చెరిపి కలిపేయకుండా, తేదీతో సహా వ్యాసం చివర విడిగా రాయించండి. అలా దిద్దిన ప్రతిని బడి లైబ్రరీలో ఒక ఫైలులో పెట్టండి. వచ్చే ఏడాది అదే ఊరి మీద పనిచేసే తొమ్మిదో తరగతి పిల్లలు తమ పరిశోధనను ఆ ఫైలుతోనే మొదలుపెడతారు, అందులో తప్పులు వెతకడమే వాళ్లకు మొదటి పనిగా ఇవ్వండి.